ఒంటిరెక్క బండి

మా తమ్ముడు పోయాక వాడి షెడ్డు తలుపులు మొదట తీసింది నేను కాదు, వాడి స్నేహితులు. తాళంచెవి మాత్రం నేనే ఇచ్చాను. "బండి పూర్తి చేస్తామక్కా" అని వచ్చి నిలబడితే వద్దనలేకపోయాను.

బండి అంటే రోడ్డు మీద తిరిగేది కాదు. పదేళ్ల కిందట విడుదలై వారం కూడా ఆడని ఒక సినిమాలో, ఇంకో రెండు వందల ఏళ్లకు రాబోయే నగరంలో, ముఖానికి తొడుగు వేసుకున్న హీరో నడిపే మోటారు సైకిలు. సినిమాలో దానికి నోరు తిరగని పేరొకటి ఉంది. అభిమానులెవరూ ఆ పేరు వాడరు. వాళ్లకు బండి అంటే అదొక్కటే. తాము రోజూ ఎక్కి తిరిగేవాటిని మాత్రం "ఆ డొక్కు" అంటారు.

అభిమానులంటే మరీ ఎక్కువమందేమీ కాదు. అందరినీ కూర్చోబెడితే ఒక తరగతి గది నిండదు. వాళ్లు చేసే రొదకు మాత్రం బడి మొత్తం చాలదు. మా ఇంటి పక్కనే ఉన్న తమ్ముడి వెల్డింగు షెడ్డు వాళ్లకు అడ్డా. వాడు పగలంతా గేట్లూ కిటికీ ఊచలూ అతికేవాడు, సాయంత్రమయ్యేసరికి వీళ్లు చేరేవారు. నేను వరండాలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, గోడ అవతలి వాదనలు ఏళ్ల తరబడి విన్నాను. సినిమా మాత్రం చూడలేదు. చూడాల్సిన అవసరం వాళ్లు నాకు మిగల్చలేదు.

ఒక ఏడాదంతా బండికి స్టాండు ఉందా లేదా అని వాదించుకున్నారు. సినిమాలో ఆ బండి ఎక్కడా ఆగదట.

"భవిష్యత్తులో స్టాండు అక్కర్లేదు. బండి దానంతటదే నిలబడుతుంది" అన్నాడు మా తమ్ముడు.

"నిలబడితే మంచిదే. గాలి గట్టిగా వీస్తే?" అన్నాడు గుంపులోని దర్జీ.

"భవిష్యత్తులో గాలి అంత గట్టిగా వీయదు మామా."

ఇంకో ఏడాది పెట్రోలు సంగతి వచ్చింది. హీరో ఒక్కసారి కూడా పెట్రోలు బంకుకు వెళ్లలేదు కాబట్టి అది పెట్రోలు బండి కాదని తమ్ముడు తేల్చాడు. దర్జీ ఊరుకోలేదు.

"హీరో ఒక్కసారి కూడా స్నానం చెయ్యలేదు. అంటే వాడికి చెమట పట్టదనా?"

ఈ దర్జీ బజారులో మగవాళ్ల బట్టలు కుడతాడు. గుంపులో అందరికంటే పెద్ద. అందరూ మామా అంటారు గానీ ఎవరూ మాట వినరు. సినిమా వచ్చిన వారంలోనే వాన తప్పించుకోవడానికి హాల్లోకి దూరి, వాన వెలిసినా బయటకు రాకుండా, రెండో ఆట కూడా చూసి వచ్చినవాడు. ఆ తరువాత డిస్కు కొనుక్కున్నాడు, దాన్నే ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. "మీరంతా ఫోన్లో చూసిన బాపతు. నేను తెర మీద చూశాను" అనేవాడు. నిజమే. మిగిలినవాళ్లంతా, మా తమ్ముడితో సహా, ఎవరో ఎక్కడో పెట్టిన ఒక కాపీ చేతులు మారుతూ వస్తే అదే చూసి అభిమానులైనవాళ్లు.

సిటీ బస్సు డ్రైవరొకడు మా తమ్ముడి కుడిభుజం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బండి గురించి అతనికున్న బాధ ఒక్కటే, దానికి హారన్ లేదు. "హారన్ లేకుండా అంత వేగంగా పోతుంటే ఎదురొచ్చేవాడి సంగతేంటి? భవిష్యత్తులో మనుషులకి ప్రాణాలుండవా?" అని సినిమా మీద ప్రేమతోనే బాధపడేవాడు.

ఇంకొక అమ్మాయి నా దగ్గరే చదువుకుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పని. గుంపులో ఆమె పేరు కూడా ఎక్స్‌రేనే. తక్కువ మాట్లాడుతుంది. గొడవ ముదిరినప్పుడు మాత్రం తన ఉద్యోగంలో రోజూ అనే మాట ఇక్కడా అంటుంది: "గాలి పీల్చి బిగపట్టండి." అలవాటు కొద్దీ అందరూ బిగపట్టేవారు. ఆ కాసేపట్లో నేను ఒక పేపరు దిద్దేసేదాన్ని.

వాళ్లకొక నియమం ఉండేది. వాదన జరుగుతుండగా ఎవరూ సినిమా తీసి చూడకూడదు. చూసినవాడు ఓడిపోయినట్టే. ఆ నియమం పెట్టింది మా తమ్ముడు. "చూసి చెప్పడానికి ఎవడైనా చెబుతాడు. చూడకుండా చెప్పేవాడే అభిమాని" అనేవాడు. పరీక్షలు పెట్టేదాన్ని గనుక నాకు అది సబబుగానే తోచింది. అంతా తెలిసినవాళ్లు కలిసి కూర్చుని సినిమా చూడడం కూడా చిన్నతనమే అనుకునేవారు. ఎవరింట్లో వారు, ఎవరి ఫోన్లో వారు చూసుకుని, వచ్చి ఇక్కడ నోటితో పోట్లాడుకునేవారు.

అన్నిటికంటే పెద్ద గొడవ రెక్క గురించి. బండికి ఒకే రెక్క. వేగం అందుకోగానే పక్కనుంచి విచ్చుకుని, అంచు వెంబడి నీలంగా వెలుగుతుంది. ఒక్కటే ఎందుకని ఒకసారి అడిగాను.

"రెండుంటే ఎగిరిపోతుంది కదక్కా" అన్నాడు తమ్ముడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

ఆ రెక్క ఎడమ పక్కన అని తమ్ముడు, డ్రైవరు, వాళ్ల వెనకాల చాలామంది. కుడి పక్కన అని దర్జీ, ఆయన వెనకాల దాదాపు ఎవరూ లేరు. పోస్టరు చూద్దామంటే అందులో బండి ఎదురుగా వస్తుంటుంది, రెక్క ముడుచుకుని. సినిమా బొత్తిగా ఆడలేదు గనుక బొమ్మలూ ఫోటోలూ బజారులోకి రాలేదు. కాబట్టి ఆ గొడవ ఎప్పటికీ వాడిపోలేదు.

ఎడమ వర్గం వాళ్లకు ఇంకా చాలా సంగతులు తెలుసు. హీరోది ఎడమచేతి వాటం. భవిష్యత్తు నగరంలో వాహనాలన్నీ ఇప్పటికి వ్యతిరేకమైన పక్కన నడుస్తాయి. హీరో ప్రతిజ్ఞ చేసేటప్పుడు కుడి ఛాతీ మీద చెయ్యి వేసుకుంటాడు.

"అంటే రెండు వందల ఏళ్లకి మనిషి గుండె కుడి పక్కకి జరుగుతుందని దర్శకుడు చెప్పకుండా చెప్పాడు" అని మా తమ్ముడు వివరించాడు.

"గుండె ఎక్కడున్నది అక్కడే ఉంది. నీ బుర్ర జరిగింది" అన్నాడు దర్జీ.

అప్పుడు ఎక్స్‌రే నోరు జారింది. "గుండె కుడి పక్కన ఉన్నవాళ్లు ఇప్పుడూ ఉంటారు. వేలల్లో ఒకరు. నేనొకరికి ఎక్స్‌రే తీశాను కూడా."

ఇంకేముంది, ఎడమ వర్గానికి వైద్యశాస్త్రం తోడైంది. దర్జీ ఆ వారమంతా షెడ్డుకు రాలేదు.

హీరోది ఎడమచేతి వాటమని తెలిశాక వీళ్లు ఊరుకుంటారా? డ్రైవరు టీ కప్పు ఎడమ చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. కనిపిస్తే ఒకరికొకరు ఎడమ పిడికిలి పైకెత్తి పలకరించుకునేవారు. మా తమ్ముడు పళ్లు ఎడమ చేత్తో తోముకునేవాడు. చిగుళ్లు వాచాయి. మానలేదు.

వాడు షెడ్డులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సాగనంపిన రోజు వీళ్లంతా వరుసగా నిలబడి ఎడమ పిడికిళ్లు ఎత్తారు. దర్జీ ఒక్కడూ కుడి పిడికిలి ఎత్తాడు. ఎత్తాక పక్కవాళ్లను చూసి ఒక్క క్షణం తటపటాయించి, దించకుండా అలాగే ఉంచాడు. ఆ రోజు చూసినవాటిలో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

ఇంతలో పాత సినిమా హాలు మేనేజరు కబురు పంపాడు. ఆ సినిమాకు పదేళ్లయిన సందర్భంగా ఒక్క ఆట వేస్తాడట. మీవాడు చేస్తున్న బండి ఏదో ఉందట కదా, తెచ్చి హాలు ముందు నిలబెట్టుకోండి, నలుగురూ ఆగి చూస్తారు, టిక్కెట్లు తెగుతాయి అన్నాడు. అందుకే వీళ్లు తాళంచెవి అడిగింది.

షెడ్డులో బండి సగం తయారై ఉంది. చట్రం, చక్రాలు, ముందు తొడుగు అయ్యాయి. రంగులూ దీపాలూ సీటూ మిగిలాయి. రెక్క ఎడమ పక్కన చట్రానికి అతికి ఉంది. వాడు చేసిన చివరి పని అదే. అతుకు మీద ఇంకా రంగు పడలేదు. సన్నగా, ఎక్కడా ముద్ద కట్టకుండా, చిన్న చిన్న పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంది.

వాడు చేసిన గేట్లు ఊరి నిండా ఉన్నాయి, అన్నీ వేరేవాళ్ల ఇళ్లకు. మా ఇంటికి మాత్రం ఇప్పటికీ చెక్క గేటే. వాడి చేతి పని మా ఆవరణలో ఉన్నది ఈ బండి ఒక్కటే. దానికి వాళ్లు ఏ రంగు వేసుకున్నా, ఏ దీపం తగిలించుకున్నా నాకు ఫరవాలేదు. ఆ అతుకు మీద రంపం పెట్టకూడదు. నేను కోరుకున్నది అంతే. ఎవరికీ చెప్పలేదు. ఎడమ వర్గం బలంగా ఉంది గనుక చెప్పే అవసరం రాదనుకున్నాను.

ఆట ఇంకా కొద్ది రోజులుందనగా దర్జీ సీటు తెచ్చాడు. నల్లటి రెక్సిన్, వెండి దారంతో కుట్టు. డ్రైవరు దాన్ని చట్రం మీద పెట్టి చేత్తో తట్టాడు.

"మామా, దీని మీద కూర్చోడానికి మనసు రావట్లేదు. పడుకోవాలనిపిస్తోంది."

దర్జీ ఆ పొగడ్త వినలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఎడమ పక్కన ఆగాడు.

"ఈ రెక్క కోసెయ్యండి. కుడి పక్కన పెట్టండి."

"మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు డ్రైవరు.

"ఇన్నాళ్లూ మన నాలుగు గోడల మధ్య మాట. ఇప్పుడు హాలు ముందు నిలబెడుతున్నాం. తెర మీద చూసినవాళ్లు వస్తారు. తప్పు బండి నిలబెడితే ముఖం ఎక్కడ పెట్టుకుంటాం? కోస్తేనే సీటు. లేదంటే సీటు పట్టుకుపోతాను."

"పట్టుకుపోయి ఏం చేసుకుంటావు? మిషను ముందు వేసుకుంటావా?"

గొంతులు లేచాయి. నేను టీ తీసుకెళ్లాను. టీ ఇచ్చి వచ్చేయాల్సింది. రాలేదు.

"రెక్క ఎడమ పక్కనే ఉండాలని నాకనిపిస్తోంది" అన్నాను.

అందరూ నావైపు చూశారు. ఇన్నేళ్లలో నేను వాళ్ల వాదనలో కలిసింది లేదు.

"టీచరమ్మా, మీరు సినిమా చూశారా?" అన్నాడు దర్జీ, మర్యాదగానే.

"లేదు."

"మరి?"

"బండి ఎక్కేది ఎడమ పక్కనుంచి కదా. రెక్క అటుంటే ఎక్కేటప్పుడు కాలు పెట్టుకోవచ్చు."

"అదీ! ఫుట్‌బోర్డు!" అని డ్రైవరు తొడ చరిచాడు. "అక్క సినిమా చూడకుండానే పట్టేసింది. పదేళ్లుగా నాకు తట్టలేదు చూడు."

"నీలం మంట వచ్చేదాని మీద కాలు పెడతాడా? ప్యాంటు అంచు ఏమవుతుంది? ఆ అంచు మళ్లీ ఎవడు కుట్టాలి?"

"అది మంట కాదు, వెలుగు!"

"వెలుగైతే ఆ చప్పుడేంటి?"

"గాలి పీల్చి బిగపట్టండి" అంది ఎక్స్‌రే.

అందరూ బిగపట్టారు. ఆ నిశ్శబ్దంలో ఆమె చెయ్యి చాచింది. "మామా, నీ ఫోనివ్వు. అన్నా, నీది కూడా."

"రూలుంది" అన్నాడు డ్రైవరు, బిగపట్టిన గాలి వదిలేస్తూ.

"రూలు అభిమానులకి. టీచర్ అభిమాని కాదుగా. టీచర్ చూస్తారు. మీరు అటు తిరగండి."

నియమం ఎక్కడా తప్పలేదు మరి. బస్సు డ్రైవరూ, దర్జీ, ఎక్స్‌రే, ఇంకా ఆ రోజు వచ్చినవాళ్లూ షెడ్డు గోడవైపు తిరిగి నిలబడ్డారు. నా తరగతిలో కూడా నేనెప్పుడూ ఎవరినీ అలా నిలబెట్టలేదు. ఆమె గోడవైపు తిరిగే ముందు రెండు ఫోన్లలోనూ సినిమాను ఒకే చోటికి తెచ్చి, పనిబల్ల మీద పక్కపక్కన పెట్టి వెళ్లింది. డ్రైవరు ఫోను ఎడమ పక్కన, దర్జీ ఫోను కుడి పక్కన. రెండింటినీ ఒకేసారి నొక్కాను.

డ్రైవరు ఫోన్లో బండి ఎడమనుంచి కుడికి దూసుకొచ్చింది. దర్జీ ఫోన్లో కుడినుంచి ఎడమకు దూసుకొచ్చింది. ఒకే హీరో, ఒకే వీధి, ఒకే వేగం. రెండు పొట్టేళ్లలా ఎదురెదురుగా వచ్చి, రెండు ఫోన్ల మధ్యనున్న సందులో ఢీకొని మాయమయ్యారు.

ఇంకోసారి వేసి చూశాను. మళ్లీ ఢీకొన్నారు. ఒకదాంట్లో రెక్క ఎడమ పక్కన విచ్చుకుంది, ఒకదాంట్లో కుడి పక్కన.

"ఏంటమ్మా? ఏ పక్కన?" అన్నాడు దర్జీ గోడతో.

"రెండు పక్కలా" అన్నాను.

గోడవైపు తిరిగినవాళ్లందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"డ్రైవరు ఫోన్లో ఎడమ పక్కన. మీ ఫోన్లో కుడి పక్కన. ఇద్దరూ చూసింది చూసినట్టే చెప్పారు."

"నే చెప్పలేదూ!" అని ఇద్దరూ ఒకేసారి అరిచి, ఒక్క క్షణం సంతోషించి, ఆ తరువాత ఆలోచనలో పడ్డారు.

ఎక్స్‌రే మాత్రం ఆలోచనలో పడలేదు. ఆమె పని చేసే గదిలో ఫిల్ము తిరగబడితే లేని జబ్బు ఉన్నట్టవుతుంది. "ఒకటి తిప్పిన కాపీ" అంది. "దొంగతనంగా సినిమాలు పెట్టేవాళ్లు పట్టుబడకుండా అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పేసి పెడతారు. బోర్డులు చదివితే తెలిసిపోయేది. ఇందులో బోర్డులన్నీ భవిష్యత్తు భాషలో ఉన్నాయి, ఎలాగున్నా చదవలేం. టీచర్, చివర పనిచేసినవాళ్ల పేర్లు వస్తాయి కదా. అవి మామూలు అక్షరాలు. ఎందులో తిన్నగా ఉన్నాయో చూడండి."

డ్రైవరు ఫోన్లో చివరికి వెళ్లాను. హీరో వెళ్లిపోగానే తెర నల్లబడింది, పేర్లు లేవు, కోసేశారు. దర్జీ ఫోన్లో చివరికి వెళ్లాను. పేర్లు వచ్చాయి. అక్షరాలు చాలా చిన్నవి. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. దూరంగా పెట్టుకున్నాను. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. నేను ఎంతసేపు తుడిచినా అక్షరాలు తిరగబడవు.

వాళ్లందరి వీపులూ నావైపు ఉన్నాయి. నేను ఏది చెబితే అది నమ్ముతారు.

"దర్జీగారి ఫోన్లో చదవగలుగుతున్నాను" అన్నాను. "మొదటి పేరు లైట్లు పట్టుకున్న ఆయనది."

డ్రైవరు మెల్లగా తిరిగి, టీ కప్పు పట్టుకున్న తన ఎడమ చేతిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"అయితే హీరోది..."

"కుడిచేతి వాటం" అంది ఎక్స్‌రే.

"గుండె?"

"మామూలుగా."

"ఛీ" అన్నాడు డ్రైవరు. కప్పు కుడి చేతిలోకి మార్చుకున్నాడు. అలవాటు తప్పి టీ చొక్కా మీద ఒలికింది. తుడుచుకుంటూ నావైపు చూశాడు. "వాడు చిగుళ్లు వాచేదాకా తోముకున్నాడు కదక్కా."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. నేను నవ్వడం చూసి వాళ్లూ నవ్వారు. అందరూ నవ్వడం మానేశాక కూడా నేను ఇంకాసేపు నవ్వాను. ఎక్స్‌రే నా చేతిలో నీళ్ల గ్లాసు పెట్టింది.

నవ్వనివాడు దర్జీ ఒక్కడే. బండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంటి మామా అలా ఉన్నావు? పదేళ్లకి గెలిచావు!" అన్నాడు డ్రైవరు.

"ఎవడి మీద?" అన్నాడు దర్జీ.

డ్రైవరు, చెయ్యాల్సిన పని ఏదో చేసేద్దామన్నట్టు లేచి, ఇనుము కోసే రంపం మిషను తీసి ప్లగ్గు పెట్టాడు. "సరే. తప్పు తప్పే. కోసి అటు అతికిద్దాం. అక్కా, కాస్త పక్కకి జరుగు, నిప్పురవ్వలు పడతాయి."

నేను జరగలేదు. వద్దు అనాలి. ఎందుకు వద్దో కూడా చెప్పాలి. రోజంతా మాటలతోనే బతికేదాన్ని. ఒక్కటీ రాలేదు. మిషను తిరగడం మొదలైంది.

దర్జీ వంగి అతుకును చూస్తున్నాడు. పాత కోటు చేతికి వస్తే కుట్టును ఎలా తడుముతాడో అలా, ఈ చివరనుంచి ఆ చివరిదాకా వేలితో తడిమాడు. తల పైకెత్తినప్పుడు ఒకసారి నావైపు చూశాడు.

"ఆపు" అన్నాడు.

"ఏంటి?"

"ఎడమే."

"వినపడట్లేదు!"

"రెక్క ఎడమ పక్కనే అంటున్నాను!"

డ్రైవరు మిషను ఆపాడు. "మామా, టీ పడలేదా నీకు? ఇప్పుడేగా అక్క చదివింది!"

"చదివింది. పేర్లు తిన్నగానే ఉన్నాయి. పేర్లు తరవాత అతికిస్తారురా, ఆ మాత్రం తెలియదా? అసలు సినిమానే వాళ్లు తిరగేసి తీశారు. దొంగలు చూశారు, అయ్యో పాపం అనుకున్నారు, తిప్పి సరిచేశారు."

"దొంగలు సరిచేశారా?"

"వాళ్లకి సినిమా మీద ప్రేమ ఉండకూడదా?"

"మామా, పదేళ్లు కుడి కుడి అని మా చెవులు కోశావు!"

"నువ్వు పదేళ్లు ఎడమ ఎడమ అన్నావు. ఇప్పుడు రంపం పట్టుకుని నిలబడ్డావు. ఎవరికిరా మాట మీద నిలకడ లేనిది?"

"నాకా? నిలకడ నాకు లేదా? రుజువు కళ్ల ముందుంటే కాదంటావేంటి? కుడే! ముమ్మాటికీ కుడే!"

"ఎడమ! టీచరమ్మ చెప్పిన ఫుట్‌బోర్డు సంగతి ఏం చేశావు?"

"ప్యాంటు అంచు కాలుతుందని అన్నది నువ్వే!"

"ఆ గుడ్డ వేరే! భవిష్యత్తు గుడ్డ కాలదు!"

ఇద్దరూ రంపానికి అటొకరు ఇటొకరు నిలబడి అరుచుకుంటున్నారు. ఎక్స్‌రే గాలి బిగపట్టమనలేదు. మెల్లగా వెళ్లి ప్లగ్గు తీసేసి, తీగ చుట్టి, మిషనును అలమారలో పెట్టింది. నేను ఖాళీ కప్పులు ఏరుకుని ఇంట్లోకి వచ్చాను. వరండాలో కూర్చుంటే గోడ అవతలనుంచి వాదన వినిపిస్తూనే ఉంది. వర్గాలు మారాయి గానీ రొద మారలేదు. ఆ సాయంత్రం కట్టలో ఉన్న పేపర్లన్నీ దిద్దేశాను.

దర్జీ ఎందుకలా అన్నాడో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. అతుకు మీద రంగు వేసేటప్పుడు మాత్రం, అక్కడ పలచగా వెయ్యి, మందంగా వేస్తే కుట్టు కనపడదు అని రంగు వేసేవాడి వెనకే నిలబడ్డాడట.

ఆట రోజు బండి హాలు ముందు నిలబడింది. స్టాండు లేదు గనుక రెండు ఇటుకల మీద. రెక్క ఎడమ పక్కన, నీలం దీపాలతో. ఇంతమంది ఈ సినిమాను ఇష్టపడేవాళ్లున్నారని మేనేజరే అనుకోలేదు. తెర మీద చూసినవాళ్లు కొందరు వచ్చి రెక్కను చూసి పెదవి విరిచారు. పెదవి విరిచిన ప్రతివాణ్నీ దర్జీ పట్టుకున్నాడు. ఆయన వదిలినవాణ్ని డ్రైవరు పట్టుకుని, మీరన్నదే నిజం, ఆయన మాట పట్టించుకోకండి అన్నాడు.

నేను మొదటిసారి సినిమా చూశాను. అంత బాగా ఏమీ లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. బండి వేగం అందుకుంది, రెక్క విచ్చుకుంది, కుడి పక్కన, ఎంత స్పష్టంగా అంటే కళ్లద్దాలు తుడుచుకునే పనే లేదు. హాలంతా ఈలలు. నా పక్క కుర్చీలోనుంచి దర్జీ లేచి తెరవైపు చెయ్యి చూపిస్తూ అరిచాడు:

"తప్పు! తిప్పి వేశారు!"

వెనకనుంచి ఎవరో కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు.

ఆట వదిలాక జనం మళ్లీ బండి చుట్టూ మూగారు. చేతిలో హెల్మెట్ పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన రెక్క దగ్గర చాలాసేపు వంగి చూసి, పక్కనే ఉన్నాను గనుక నన్నే అడిగాడు.

"ఎవరు చేశారండీ ఇది? పని చాలా బాగుంది. కాని రెక్క అటు పక్కన కదా ఉండాలి. ఇది తప్పు కదండీ?"

దర్జీ అప్పటికే జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. నోరు కూడా తెరిచాడు. ఆయన వచ్చేలోగా నేనే జవాబు చెప్పాను.

"అవునండీ, తప్పే. మా తమ్ముడు చేశాడు."

వాడు పోయాక వాడి గురించి కొత్తవాళ్లతో నేను అన్న మొదటి మాట అది.

"అయ్యో టీచరమ్మా!" దర్జీ నెత్తి కొట్టుకున్నాడు. "పొద్దుటినుంచి గొంతు చించుకుంటున్నాను. ఒక్క ముక్కలో ఒప్పేసుకుంటారా?"

"చూశావా మామా? అక్క మా వైపు!" డ్రైవరు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు.

"ఆవిడ ఏమన్నారు? తప్పు అన్నారు. కుడి అన్నారా? చెప్పండి సార్, మీరే చెప్పండి, ఆవిడ నోట కుడి అనే మాట వచ్చిందా?"

"సార్, మీరు ఆయన మాట వినకండి, ఇటు చూడండి..."

ఒకరు ఎడమ భుజం, ఒకరు కుడి భుజం పట్టుకున్నారు. పెద్దమనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత ఏమీ అనకుండా హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, బకిల్ బిగించుకుని, వినడానికి సిద్ధమయ్యాడు.